పంపేసినాక కేసు గెలిస్తే ఏం లాభం సార్? మా ఇద్దరు ఎంపీలకి బహిరంగ లేఖ

తిరుపతి ఎంపీ గారికి, చిత్తూరు ఎంపీ గారికి నమస్కారం.

ఈ లేఖ రోడ్డు గురించి కాదు, రైలు స్టాపింగ్ గురించి కాదు, బ్రేక్ దర్శనం సిఫార్సు లెటర్ కోసం అసలే కాదు, మీ ఆఫీసులకి వచ్చే కాగితాల్లో ఎక్కువ అవే ఉంటాయని ఊరందరికీ తెలుసు కాబట్టి ముందే చెప్పేస్తా ఉన్నా. ఇది శరణార్థుల గురించి. ప్రాణభయం ఉందని వేరే దేశం నుంచి పారిపోయి వచ్చినోళ్ళకి, నీ మాట నమ్మం వెనక్కి పో అని ఒక ఆఫీసర్ చెప్తే, ఆ చెప్పింది తప్పో ఒప్పో ఇంకొకరెవరన్నా చూస్తారా, చూసి తేల్చే లోపలే మనిషిని విమానం ఎక్కించేస్తే ఇంక ఆ చూడ్డం ఎందుకు, పోయినోడికి అక్కడ ఏమైందో ఎవరికన్నా పట్టిందా, ఇవీ నా ప్రశ్నలు. దీంతో ఓట్లు రాలవని నాకూ తెలుసు. అయినా చట్టాలు చేసే చోట కూర్చున్నది మీరు కాబట్టి మీకే రాస్తా ఉన్నా, ఎవరిది ఏ పార్టీ అన్నది ఈ విషయంలో నాకు అక్కర్లేదు.

నేను తిరుపతిలో వకీలుని. ఎక్కువగా భూమి కేసులు, కొన్ని బెయిళ్ళు, అప్పుడప్పుడు చెక్ బౌన్సులు. శరణార్థి కేసు ఒక్కటి కూడా నా టేబుల్ మీదకి రాలేదు, వచ్చే దారి కూడా లేదు, ఎందుకంటే మన దేశంలో శరణు అడగడానికి ఒక అప్లికేషన్ ఫారం పెట్టిన చట్టమే లేదు. 1951 శరణార్థుల ఒప్పందం మీద మనం సంతకం పెట్టలేదు, దానికి జోడించిన 1967 ప్రోటోకాల్ మీద కూడా పెట్టలేదు. 1946 నాటి విదేశీయుల చట్టాన్ని తీసేసి 2025లో కొత్తగా ఇమ్మిగ్రేషన్ అండ్ ఫారినర్స్ చట్టం తెచ్చారు కదా, సెప్టెంబర్ 1 నుంచి అమల్లోకి వచ్చింది, దాన్ని మొదటి నుంచి చివరి దాకా చదివాను, అందులో టూరిస్టుకీ శరణార్థికీ తేడా చూపించే లైను కోసం ఎంత వెతికినా దొరకలేదు. మీరిద్దరూ ఆ బిల్లు మీద ఓటు వేసే సభలో ఉన్నోళ్ళే.

ఇది ఢిల్లీ విషయం, మనకెందుకు అని మీ పీఏలు అనొచ్చు. సూళ్ళూరుపేట దాటి తడ దాటితే ఆరంబాక్కం, ఆ తర్వాత గుమ్మిడిపూండి. అక్కడ శ్రీలంక తమిళుల క్యాంపు ఉంది, చాలా ఏళ్ళుగా ఉంది. బోర్డరు అంటారా, సత్యవేడు 1960 దాకా చెంగల్పట్టు జిల్లా, తిరుత్తణి అప్పటిదాకా మన చిత్తూరు జిల్లా, ఆ గీత అటూ ఇటూ గీసింది మనవాళ్ళే. హైకోర్టు పని ఉంటే అమరావతి పోతాం గానీ ఆస్పత్రికీ పెళ్ళి చీరలకీ మనం పోయేది మద్రాసుకే. ఆ క్యాంపుల మగోళ్ళు ఎక్కువమంది పెయింటింగ్ పనికి పోతారు, శ్రీసిటీలో కాంట్రాక్టర్ల కింద కూడా చేస్తారు, మన ఊళ్ళల్లో కొత్త ఇళ్ళ గోడలకి రంగులు వేసినోళ్ళలో వాళ్ళు కూడా ఉండారు, మనం అడగం కాబట్టి వాళ్ళు చెప్పరు.

మా ఇంటికి రంగులేసిన పిల్లోడు అట్లాంటోడే. హాల్లో ఒక గోడకి ప్రైమర్ కొట్టేసి, రెండో గోడ సగంలో ఉండగా బకెట్లు కడిగి మూత పెట్టి, "రేపు రాలేనక్కా, క్యాంపులో చెకింగ్ ఉండాది, లైన్లో కనపడకపోతే పేరు కొట్టేస్తారు" అన్నాడు. తెలుగు మనలాగే మాట్లాడతాడు. వాళ్ళ అమ్మానాయనలు 1990లో మన్నార్ నుంచి పడవలో వచ్చినారంట. వాడు పుట్టింది ఇక్కడే, ప్రభుత్వాసుపత్రిలో. అయితే 1987 జులై 1 తర్వాత ఇక్కడ పుట్టినోళ్ళకి అమ్మానాయనల్లో ఒకరన్నా భారతీయులైతేనే పౌరసత్వం, కాబట్టి వాడు ఏ దేశమైతే ఒక్కసారి కూడా చూడలేదో ఆ దేశపోడు. 2019 సీఏఏలో వాళ్ళ పేరు లేదు, అది పాకిస్తాన్, బంగ్లాదేశ్, ఆఫ్ఘనిస్తాన్ నుంచి వచ్చినోళ్ళకే. మా అమ్మ వాడికి టీ ఇస్తా "మిమ్మల్ని పంపించేస్తారా నాయనా" అని అడిగితే, "ఎవురికి తెలుసు అమ్మమ్మా, చెప్పేది ఎవురు" అన్నాడు. ఆ ప్రశ్నకి వకీలుగా నా దగ్గర కూడా జవాబు లేదు, చెప్పేదెవరో నిజంగానే ఏ చట్టంలోనూ రాసి లేదు.

పోయినేడాది, అంటే 2025 మే 19న, సుప్రీంకోర్టులో ఒక శ్రీలంక తమిళుడి కేసు వచ్చింది, మీరూ పేపర్లో చూసే ఉంటారు. ఉగ్రవాద కేసులకి వాడే యూఏపీఏ చట్టం కింద శిక్ష పడింది, మద్రాస్ హైకోర్టు దాన్ని 7 ఏళ్ళకి తగ్గించి శిక్ష అయిపోయినాక దేశం వదిలి పొమ్మంది. శిక్ష అయిపోయింది, దాదాపు మూడేళ్ళు ఇంకా డిటెన్షన్‌లోనే ఉంచారు, వెనక్కి పంపితే నన్ను చంపుతారు, నేను ఎల్టీటీఈలో, అంటే అక్కడి సైన్యంతో యుద్ధం చేసిన తమిళ పులుల్లో, ఉన్నోణ్ణి, భార్యాబిడ్డలు ఇక్కడ ఉన్నారు అని అతని వాదన. ఇండియా ప్రపంచంలో ఉండే శరణార్థులందరికీ ధర్మశాల కాదు, ఇంకేదన్నా దేశం పోండి అని బెంచి చెప్పి కొట్టేసింది. సత్రాల ఊళ్ళో ఉండే మాకు ఆ మాట కొంచెం గట్టిగానే తగిలింది, కోర్టు క్యాంటీన్లో రెండు రోజులు అదే చర్చ, సగంమంది జడ్జి గారు కరెక్టుగా చెప్పారనే అన్నారు. ఆ మనిషి మీద నాకు ప్రత్యేకంగా జాలి పుట్టించాలని ఇది చెప్పడం లేదు. నేను అడిగేది ఒకటే, ఇతన్ని పంపితే నిజంగా ప్రమాదం ఉందా లేదా అని సాక్ష్యాలు పెట్టుకుని కూర్చుని విచారించింది ఎవరు? కింది నుంచి పై దాకా ఆ ఒక్క ప్రశ్న మీద విచారణ జరిగిన చోటు లేదు, ఎందుకంటే అట్లాంటి చోటే మనం పెట్టుకోలేదు.

ఇక్కడ కొంచెం లా చెప్పాలి, ఓపిక పట్టండి. జ్యుడీషియల్ రివ్యూ, అంటే ఆఫీసర్ నిర్ణయం పద్ధతిగా తీసుకున్నాడా లేదా అని కోర్టు చూడడం, దాన్ని జనం అప్పీల్ అనుకుంటారు, కాదు. మా భూమి కేసుల్లో చూడండి. తహసీల్దారు ఒక రైతు పాస్‌బుక్ రద్దు చేశాడు, రైతు హైకోర్టులో రిట్ వేశాడు, జ్యుడీషియల్ రివ్యూ అడిగే కేసు అదే. హైకోర్టు వచ్చి గొలుసు పట్టి భూమి కొలవదు, ఆ భూమి ఎవరిదో తేల్చదు. నోటీసు ఇచ్చావా, చెప్పుకోనిచ్చావా, కారణం రాశావా, నీకు ఆ అధికారం ఉందా, ఇంతే చూస్తాది. తప్పు కనిపిస్తే ఆర్డర్ కొట్టేసి మళ్ళీ అదే తహసీల్దారుకి పంపిస్తాది, నువ్వే మళ్ళీ విచారించు అని. కాగితాలన్నీ పద్ధతిగా ఉండి నిర్ణయం మాత్రం తప్పయితే, అంటే నోటీసు ఇచ్చి, విని, రెండు పేజీల కారణాలు రాసి మరీ తప్పు మనిషికి భూమి రాసిస్తే, రిట్‌లో అది దొరకడం చాలా కష్టం. అయినా భూమి విషయంలో మనం తట్టుకుంటాం, ఎందుకంటే ఉన్నది ఉన్నట్టే ఉంచమని స్టేటస్ కో ఆర్డర్ ఇస్తారు, కేసు పదేళ్ళు నడిచినా ఆ రెండెకరాలు ఆడనే పడుంటాయి, గెలిచిననాడు పోయి దున్నుకోవచ్చు. మనిషి సంగతి అట్లా కాదు కదా.

ఇది ఊరికే చెప్పే మాట కాదు, ఇంగ్లాండులో అచ్చంగా ఇట్లానే జరిగింది. 1987లో కొందరు శ్రీలంక తమిళులు లండన్ పోయి శరణు అడిగారు. హోం శాఖ కాదంది. వాళ్ళు జ్యుడీషియల్ రివ్యూకి పోయారు, హైకోర్టులో ఓడిపోయారు, అప్పీల్ కోర్టులో గెలిచారు, డిసెంబర్‌లో హౌస్ ఆఫ్ లార్డ్స్‌లో, అప్పట్లో అదే వాళ్ళ పై కోర్టు, మళ్ళీ ఓడిపోయారు. భయం వాళ్ళ మనసులో ఉంటే చాలదు, బయట నుంచి చూసినా ఆ ప్రమాదం జరిగే అవకాశం గట్టిగా ఉండాలి, అది ఉందా లేదా అని హోం మంత్రి చూసిన పద్ధతిలో తప్పు లేదు అన్నారు. 1988 ఫిబ్రవరిలో విమానం ఎక్కించి కొలంబో పంపించేశారు. అప్పట్లో వాళ్ళ చట్టంలో ఒక విచిత్రం ఉండేది, అసలు అప్పీల్ ఉంది గానీ దేశం వదిలి పోయినాకే వేసుకోవాలి. అంటే ఎవరు నన్ను చంపుతారని భయమో వాళ్ళ చేతుల్లోకి పోయి, అక్కడ నుంచి లండన్ లాయరుకి ఉత్తరం రాసి అప్పీల్ వేయాలి. వేశారు. 1989 మార్చిలో ఆ అప్పీల్ విన్న అధికారి, ఆయన పెద్ద జడ్జి కూడా కాదు, సాక్ష్యాలు ఒక్కొక్కటి చూసి వీళ్ళ భయం నిజమే, వీళ్ళకి శరణు ఇచ్చుండాల్సింది, వెనక్కి పిలిపించండి అన్నాడు. అదే ఏడాది అక్టోబర్‌లో తిరిగొచ్చారు. మధ్యలో ఆ ఏడాదిన్నర వాళ్ళు శ్రీలంకలో ఎట్లా ఉన్నారు? వాళ్ళలో ముగ్గురు తమని పట్టుకుని హింసించారని చెప్పారు.

ఒకే మనుషులు, ఒకే కథ, ఒకే దేశం. పద్ధతి చూసిన పై కోర్టు ప్రభుత్వానిదే రైటంది, విషయం చూసిన చిన్న అధికారి వాళ్ళదే రైటన్నాడు. నాకు ఈ సబ్జెక్టు అంతా ఆ ఒక్క కేసులోనే ఉన్నట్టు అనిపిస్తాది.

అది అక్కడితో ఆగలేదు, వాళ్ళు స్ట్రాస్‌బర్గ్‌లో యూరోపియన్ మానవ హక్కుల కోర్టుకి పోయారు. 1991 అక్టోబర్ 30న తీర్పు. 8 మంది ఒక పక్క, ఒకరు ఇంకో పక్క, వాళ్ళని పంపడం తప్పు కాదన్నారు. తిరిగి పోయినాక కొట్టారంటున్నారు సరే, వీళ్ళనే ప్రత్యేకంగా పట్టుకుంటారని మంత్రికి ముందే తెలిసే గుర్తులేమీ లేవు కదా అన్నది వాళ్ళ లెక్క. జ్యుడీషియల్ రివ్యూ సరిపోతాదా అన్నదాని మీద కూడా 7 మంది సరిపోతాదన్నారు, ఇద్దరు ఒప్పుకోలేదు. నేను ఆ ఇద్దరి పక్కే. ఏదేమైనా ఈ కేసు లోకానికి తెలిసింది వాళ్ళు బతికి తిరిగొచ్చి చెప్పారు కాబట్టి, లాయరు ఉన్నాడు కాబట్టి. తిరిగి రాలేనోళ్ళ కథలు ఏ లా రిపోర్టులోనూ ఉండవు, అక్కడ తీర్పు కరెక్టో కాదో ఎప్పటికీ తెలీదు.

అమెరికా ఇంకా ఘోరం. 2017లో ఒక శ్రీలంక తమిళుడు మెక్సికో బోర్డరు దాటి పాతిక గజాలు కూడా పోకముందే దొరికిపోయాడు. నన్ను వ్యానులో ఎక్కించుకుపోయి కొట్టారు అని చెప్పాడు. ఇంటర్వ్యూ చేసిన ఆఫీసర్ కొట్టిన మాట నమ్మాడు, అయితే కొట్టింది ఎవరో ఎందుకో నువ్వు చెప్పలేదు కాబట్టి నీ జాతి వల్లో రాజకీయం వల్లో కొట్టారని తేలలేదు పొమ్మన్నాడు. శ్రీలంకలో వ్యాను వచ్చి మనిషిని ఎత్తుకుపోవడం అంటే ఏందో, అది సర్కారు మనుషుల పనే అని జనం ఎందుకు అనుకుంటారో ఆ దేశం సంగతి కొంచెం చదివినోళ్ళకి తెలుసు, ఎత్తుకుపోయేవాడు ఐడీ కార్డు చూపించి నీది ఫలానా జాతి కాబట్టి కొడతా ఉన్నా అని చెప్పి కొట్టడు కదా సార్. అతను కోర్టుకి పోయాడు. 2020 జూన్ 25న అమెరికా సుప్రీంకోర్టు 7-2తో, ఇట్లా బోర్డర్లో దొరికినోళ్ళ విషయంలో ఆఫీసర్ నిర్ణయాన్ని కోర్టులు తిరిగి చూడాల్సిన పని లేదని తేల్చేసింది. అంటే అక్కడ తలుపే మూసేశారు.

ఇది తమిళుల గోల అనుకోకండి. 2025 ఫిబ్రవరి 5న అమెరికా మిలిటరీ విమానంలో 104 మంది మన దేశం వాళ్ళని చేతులకి బేడీలు వేసి అమృత్‌సర్లో దించినప్పుడు పార్లమెంటులో ఎంత గొడవ చేశారో మీకు గుర్తుండే ఉంటాది. బోర్డర్లో దొరికిన మన దేశం పిల్లోడికి కూడా ఆ 2020 తీర్పే వర్తిస్తాది. బేడీలు చూసి మనకి మండింది, న్యాయమే, కానీ ఆ బేడీల వెనక, నీ మాట రెండోసారి వినం అన్న రూలు ఉంది, దాని గురించి ఎవరూ మాట్లాడలేదు, అదే రూలు మన దగ్గర ఉందా లేదా అని కూడా ఎవరూ చూసుకోలేదు. ఉంది. కొత్త చట్టం ప్రకారం లోపలికి రానివ్వాలా వద్దా అన్నదాని మీద ఇమ్మిగ్రేషన్ ఆఫీసర్ మాటే ఫైనల్.

కెనడాలో మాత్రం ఒకసారి వేరేగా జరిగింది. 1985 ఏప్రిల్ 4న, ఎక్కువమంది మన పంజాబ్ సిక్కులే వేసిన కేసులో, అక్కడి సుప్రీంకోర్టు, మనిషిని చూడకుండా కాగితాలు చూసి కాదనడం కుదరదు, అతన్ని నమ్మాలా వద్దా అనే ప్రశ్న ఉన్నప్పుడు ఎదురుగా కూర్చోబెట్టి వినాల్సిందే అంది. ఆ దేశ గడ్డ మీద అడుగు పెట్టిన ఏ మనిషికైనా ఆ హక్కు ఉంటాది అంది. ఆ తీర్పు వల్లే వాళ్ళు 1989లో శరణు కేసులు వినే కొత్త బోర్డు పెట్టాల్సి వచ్చింది. ఇంగ్లాండులో కూడా 1987లోనే ఇంకో కేసులో లార్డ్ బ్రిడ్జ్ అనే జడ్జి, ప్రాణం పోయే సంగతి ఉన్న నిర్ణయాన్ని మామూలు ఫైలు చూసినట్టు చూడకూడదు, కోర్టు ఇంకా గట్టిగా గుచ్చి గుచ్చి చూడాలని రాశాడు. మంచి మాట, అయితే పైన చెప్పిన తమిళుల్ని పంపింది దాని తర్వాతే.

సరే, వెనక్కి పోతే ఏమవుతాది? మన పెద్దోళ్ళు చాలామంది అనుకునేది ఏంటంటే యుద్ధం 2009 మేలోనే అయిపోయింది కదా, ఇంక భయం ఏముంది అని. యుద్ధం అయిపోయిన నాలుగేళ్ళకి, 2013లో, బ్రిటన్లో ఇమ్మిగ్రేషన్ అప్పీళ్ళు వినే అప్పర్ ట్రిబ్యునల్ ఇదే ప్రశ్న మీద పెద్ద తీర్పు ఇచ్చింది. తమిళులందరికీ ప్రమాదం ఉందని అనలేదు, అది నిజాయితీగా చెప్పాలి. ఎవరి మీదైనా వేరే దేశంలో ఉండి ఈలం కోసం, అంటే తమిళులకి వేరే దేశం కోసం, పని చేస్తా ఉన్నాడని అనుమానం ఉంటే, వాళ్ళని అక్కడి సెక్యూరిటీ వాళ్ళు పట్టుకుంటే, హింస జరిగే ప్రమాదం నిజంగానే ఉందని చెప్పింది. ఇంకో సంగతి కూడా రాసింది, నాకు అది చదివినప్పుడు ఒళ్ళు జలదరించింది. ఎయిర్‌పోర్టులో రెండు లిస్టులు ఉంటాయంట. వారెంటు ఉన్నోళ్ళ లిస్టులో పేరుంటే అక్కడే ఆపేస్తారు. రెండోది కనిపెట్టి ఉండే లిస్టు, దాంట్లో పేరుంటే ఎయిర్‌పోర్టులో ఏమీ అనరు, పోనిస్తారు, ఇంటికి పోయినాక వస్తారు. కాబట్టి దించేసి వచ్చిన ఆఫీసర్, మా వాడు క్షేమంగా బయటికి నడిచి పోయాడు అని ఫైల్లో రాసుకుంటాడు, అది అబద్ధం కూడా కాదు. 2021లో ఇంకో తీర్పులో కూడా దాదాపు ఇదే చెప్పారు.

దానికి తోడు ఇంకోటి, పాస్‌పోర్టు లేనోణ్ణి పంపాలంటే వాళ్ళ ఎంబసీ నుంచే టెంపరరీ కాగితం తెప్పించాలి, దాని కోసం వాళ్ళ అధికారులే ఇంటర్వ్యూ చేస్తారు. అంటే ఎవరి మీద ఫిర్యాదు చేసి శరణు అడిగాడో వాళ్ళకే, ఇదిగో వీడు బయట శరణు అడిగి ఓడిపోయినోడు అని మనమే పరిచయం చేసినట్టు.

మన ఊళ్ళో ఇది ఇంకో రకంగా చూసినోళ్ళం. 2014 డిసెంబర్లో మహింద రాజపక్స శ్రీలంక అధ్యక్షుడిగా ఉండి తిరుమల వచ్చారు, 2020 ఫిబ్రవరిలో ప్రధానిగా మళ్ళీ వచ్చారు. దేవుడి దగ్గరికి ఎవరన్నా రావొచ్చు, ఆ విషయంలో నాకు పేచీ లేదు. రేణిగుంట నుంచి అలిపిరి దాకా కాన్వాయి కోసం బండ్లు ఆపి ఎండలో నిలబెట్టడం మాత్రం మాకు అలవాటైపోయింది. కానీ అంత మర్యాద చేసినప్పుడు, మా దగ్గరి నుంచి తిరిగొచ్చే మీ మనుషుల్ని ఎయిర్‌పోర్టులో ఏం చేస్తా ఉన్నారు అని ఒక్క మాట అడగొచ్చు కదా అని అనిపిస్తాది.

అడగాల్సిన అవసరం నిన్నగాక మొన్న కూడా వచ్చింది. 2025 మేలో, తమిళనాడు క్యాంపు నుంచి తన ఇష్టంతోనే, ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థ యూఎన్‌హెచ్‌సీఆర్ పెట్టిన పద్ధతి ప్రకారమే తిరిగి పోయిన ఒక పెద్దాయన్ని, డెబ్భై దాటిన మనిషిని, జాఫ్నా దగ్గర పలాలి ఎయిర్‌పోర్టులో దిగంగానే అరెస్టు చేశారు. ఏం నేరం అంటే ఎప్పుడో యుద్ధంలో సరైన కాగితాలు లేకుండా దేశం వదిలి పోయాడంట. బాంబులు పడతా ఉంటే పడవ ఎక్కేవాడు స్టాంపు వేయించుకుని ఎక్కుతాడా? ఇష్టపడి పోయిన ముసలాయనకే ఈ గతి పట్టినప్పుడు, ఇష్టం లేకుండా బలవంతంగా పంపినోడి సంగతి చెప్పేదేముంది.

ఇప్పుడు మన కోర్టుల సంగతి. మనకి చట్టం లేకపోయినా రాజ్యాంగం ఉంది, ఆర్టికల్ 21 పౌరులకి మాత్రమే కాదు, ప్రతి మనిషికీ అని రాసుంది. 1996లో, ఇప్పటి బంగ్లాదేశ్ నుంచి వచ్చి అరుణాచల్ ప్రదేశ్లో ఉండే చక్మాల కేసులో సుప్రీంకోర్టు ఆ మాట గట్టిగా చెప్పి వాళ్ళ ప్రాణం కాపాడాల్సింది రాష్ట్రమే అంది. 1992లో, రాజీవ్ గాంధీ హత్య తర్వాత క్యాంపుల వాళ్ళని తొందర తొందరగా పంపిస్తా ఉంటే మద్రాస్ హైకోర్టు అడ్డం పడింది, వాళ్ళు నిజంగా ఇష్టపడి పోతా ఉన్నారా అన్నది యూఎన్‌హెచ్‌సీఆర్ చూడాలంది. 1998లో గుజరాత్ హైకోర్టు ఇద్దరు ఇరాకీల కేసులో, ప్రాణానికి ప్రమాదం ఉన్న చోటికి తిప్పి పంపకూడదన్నది ఆర్టికల్ 21 లోపలే ఉందని చెప్పింది. 2021 మే 3న మణిపూర్ హైకోర్టు మయన్మార్ నుంచి వచ్చిన ఏడుగుర్ని, అందులో జర్నలిస్టులు కూడా ఉన్నారు, ఢిల్లీ పోయి శరణు అడుక్కోనీండని ఆర్డర్ ఇచ్చింది.

వినడానికి బాగుంది కదా. ఆ మణిపూర్ ఆర్డర్‌కి నెల రోజుల ముందు, ఏప్రిల్ 8న, అదే మయన్మార్ నుంచి వచ్చిన రోహింగ్యాలకి సుప్రీంకోర్టు మధ్యంతర ఆర్డర్ ఇవ్వడానికి ఒప్పుకోలేదు, పద్ధతి ప్రకారం పంపించుకోండి అంది. 2018 అక్టోబర్ 4న అయితే ఏడుగురు రోహింగ్యాలు సిల్చార్ జైల్లో 2012 నుంచి ఉన్నోళ్ళు, పొద్దున సుప్రీంకోర్టు ఆపనంది, అదే రోజు మణిపూర్ బోర్డర్లో అప్పజెప్పేశారు. కాబట్టి మన దగ్గర ప్రాణం ఉండేదీ పోయేదీ ఏ ఊళ్ళో దొరికావు, ఏ బెంచి ముందు పడ్డావు, నీకు వకీలు దొరికాడా అన్నదాని మీద ఉంది. తిరుమలలో లడ్డూ కౌంటర్‌కి కూడా ఇంతకన్నా రూలు ఉంటాది.

హోం శాఖ దగ్గర ఒక ఎస్ఓపీ, అంటే ఏది ఎట్లా చేయాలో రాసిన కాగితం, ఉంది, 2011 డిసెంబర్లో రాష్ట్రాలకి పంపారు, శరణార్థినని చెప్పేవాడి కథ నిజం అనిపిస్తే లాంగ్ టర్మ్ వీసాకి రాయొచ్చని. సంతోషం. కానీ అది ఆఫీసులో వాళ్ళకి వాళ్ళు రాసుకున్న కాగితం, కాదంటే ఎవరి దగ్గరికి పోవాలో దాంట్లో లేదు. శ్రీలంక వాళ్ళూ టిబెట్ వాళ్ళూ కాక మిగతా దేశాల వాళ్ళని చూసేది యూఎన్‌హెచ్‌సీఆర్, వాళ్ళు రిజెక్టు చేస్తే అప్పీల్ కూడా వాళ్ళ దగ్గరే. 2015 జనవరి 9 లోపల వచ్చి రిజిస్టరైన శ్రీలంక తమిళులకి కాగితాలు లేవని కేసు పెట్టమని కొత్త చట్టం కింద మినహాయింపు ఇచ్చారు, అది మంచి పని, మంచిని మంచి అనాలి. అయితే కేసు పెట్టకపోవడం వేరు, వెనక్కి పంపను అని మాట ఇవ్వడం వేరు.

అబద్ధాలు చెప్పి శరణు అడిగేవాళ్ళు లేరా అంటే ఉన్నారు సార్, బ్రహ్మాండంగా ఉన్నారు. వీసా అయిపోతా ఉంటే అసైలం వేసేయ్ అని సలహా ఇచ్చే కన్సల్టెన్సీలు, కథ రాసిచ్చే ఏజెంట్లు, మన తెలుగు పిల్లల వాట్సాప్ గ్రూపుల్లో కూడా ఆ మాటలు నడుస్తా ఉంటాయి. వాళ్ళ వల్ల నిజమైనోడి మాట కూడా ఎవరూ నమ్మకుండా పోతా ఉంది, నాకు వాళ్ళ మీదే ఎక్కువ కోపం. కానీ దొంగ కథని పట్టుకోవాలన్నా విచారణే కదా చేయాల్సింది. ఎదురుగా కూర్చోబెట్టి నాలుగు ప్రశ్నలు అడిగితే అరువు తెచ్చుకున్న కథ అరగంట నిలబడదు, క్రాస్ ఎగ్జామినేషన్ చేసే వకీలు ఎవర్నడిగినా చెప్తారు. సెక్యూరిటీ భయం ఉన్నోళ్ళ సంగతి అంటారా, కేసు పెట్టండి, జైల్లో పెట్టండి, ఎవరొద్దన్నారు. హింసించే చోటికి పంపడం శిక్ష కింద ఏ చట్టంలోనూ లేదు.

నేను అడిగేది పెద్ద కోరిక కాదు. కాదంటే కారణం రాసి, వాడికి వచ్చిన భాషలో ఇవ్వాలి. దాని మీద డిపార్ట్‌మెంటుకి సంబంధం లేని ఒక మనిషి ముందు అప్పీల్ ఉండాలి, పద్ధతి మాత్రమే కాదు, అసలు ప్రమాదం ఉందా లేదా అన్నది మొదటి నుంచి చూసే అప్పీల్. ఆ తర్వాతే హైకోర్టు రిట్. అన్నిటికన్నా ముఖ్యం, ఇది తేలేదాకా మనిషిని కదిలించకూడదు, స్టే కోసం అర్ధరాత్రి పరిగెత్తే పని లేకుండా చట్టంలోనే ఆ స్టే ఉండాలి. ఇంతే. 2015లో శశి థరూర్ గారు శరణార్థుల మీద ప్రైవేటు బిల్లు, అంటే మంత్రి కాని ఎంపీ పెట్టే బిల్లు, ఒకటి పెట్టారు, అది చట్టం కాలేదు, ప్రైవేటు బిల్లులు మామూలుగా కావు కూడా, అయినా శుక్రవారం మధ్యాహ్నం సభలో దాని మీద నాలుగు మాటలు రికార్డులోకి పోతాయి. మీలో ఎవరన్నా అట్లాంటిది పెడితే ఎంత బాగుంటాదో.

అది ఇప్పుడే కాకపోతే, కనీసం ఒక ప్రశ్న అడగండి. హోం శాఖకీ విదేశాంగ శాఖకీ కలిపి, రాతపూర్వక జవాబు వచ్చేటట్టు: గత పదేళ్ళలో మన దేశం నుంచి శ్రీలంకకి ఎంతమందిని పంపించారు, ఎంతమంది వాళ్ళంతట వాళ్ళు పోయారు, పంపే ముందు వాళ్ళకి ప్రమాదం ఉందా లేదా అని చూసింది ఏ అధికారి, దాని మీద అప్పీల్ ఎవరి దగ్గర, పోయినాక ఎంతమందిని అరెస్టు చేశారు, 2010 నుంచి జాఫ్నాలో మనకి సొంత కాన్సులేట్ ఉంది కదా, తిరిగి పోయినోళ్ళ ఇంటికి ఆ కాన్సులేట్ వాళ్ళు ఎన్నిసార్లు పోయి ఎట్లా ఉన్నావని అడిగారు. పదిహేను రోజుల ముందు నోటీసు ఇవ్వాలి, మీకు తెలిసిందే. డ్రాఫ్టు కావాలంటే నేను ఇంగ్లీషులో రాసిస్తా, ఫీజు అక్కర్లేదు, మీ తిరుపతి ఆఫీసులోనో చిత్తూరు ఆఫీసులోనో ఎవరికివ్వాలో చెప్పిస్తే చాలు.

ఇట్లు,
తిరుపతి కోర్టులో ప్రాక్టీసు చేసే ఒక వకీలు